లావా మీద పోసిన సముద్రం

అగ్నిపర్వతం సంగతి మీరు చదివే వుంటారు. మన దేశంలో కూడా ఒకటి వున్నది. అండమాన్ దీవులకు తూర్పున, సముద్రం మధ్య, బారెన్ దీవి అప్పుడప్పుడు నిప్పులు కక్కుతూ వుంటుంది. కాని అక్కడ మనుషులెవరూ కాపురం వుండరు గనక ఎవరి ఇల్లూ కాలదు. అదే మనుషులున్న దీవిలో, సరిగ్గా ఊరి పక్కనే నేల పగిలి నిప్పు పైకి వస్తే ఏమవుతుంది? 1973లో హేమాయే దీవిలో అలాగే జరిగింది.

ఆ దీవి ఎక్కడున్నదో పటంలో వెతకండి. అట్లాంటిక్ మహాసముద్రంలో, ఉత్తరాన, ఐస్లాండు దేశం కనిపిస్తుంది. దాని దక్షిణపు ఒడ్డుకు 5 మైళ్ల లోపున వున్న చిన్న దీవే హేమాయే. ఆనాడు అక్కడ సుమారు 5,300 మంది వుండేవారు. వారి జీవనమంతా చేపల వేట మీదనే. దేశంలోని ముఖ్యమైన చేపల రేవుల్లో వారి రేవు ఒకటి.

ఊరి పక్కనే ఒక పాత అగ్నిపర్వతం వున్నది. అది చల్లారి 5,000 ఏళ్లు దాటింది గనక ఎవరికీ దాని భయం లేదు. అయితే జనవరి 23వ తేదీన, రాత్రి 2 గంటలు కావస్తుండగా, ఊరికి తూర్పున నేల మైలు పొడవున చీలింది. ఆ చీలికలో నుంచి నిప్పు గోడలాగా లేచి నిలబడింది.

ఎందుకిలా జరిగింది? భూమి పైపొర ఒకే ముక్క కాదు. తాబేలు డిప్ప మీద పలకలు చూశారు గదా? అలాగే భూమి పైపొర కూడా పెద్ద పెద్ద పలకలుగా వున్నది. అట్లాంటిక్ అడుగున రెండు పలకలు ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున దూరంగా జరుగుతున్నాయి. మీ వేలిగోళ్లు అంతకన్నా త్వరగా పెరుగుతాయి! ఐస్లాండు ఆ రెండింటి సరిహద్దు మీద వున్నది. పలకలు ఎడమయ్యే చోట లోపలి నుంచి కరిగిన రాయి పైకి తోసుకువస్తుంది. అది బయటికి వచ్చాక లావా అంటారు. దాని వేడి 1,000 సెంటిగ్రేడు డిగ్రీలకు పైమాటే.

ముందురోజు సముద్రంలో తుఫాను. అందుచేత పడవలు వేటకు పోకుండా రేవులోనే వున్నాయి. అదే ఊరిని కాపాడింది. జనం పిల్లలను ఎత్తుకుని రేవుకు వచ్చి పడవలెక్కారు. ఆస్పత్రిలోని రోగులను విమానాలలో పంపారు. తెల్లవారేసరికి దాదాపు అందరూ దీవి దాటారు.

కొందరు మాత్రం పనికోసం వుండిపోయారు. ఆకాశం నుంచి నల్లని బూడిద కురిసింది. ఆ బరువుకు ఇళ్లు కూలకుండా వాళ్లు కప్పులెక్కి పారలతో బూడిద తోశారు. కిటికీలకు రేకులు కొట్టారు. అయినా సుమారు 400 ఇళ్లు నాశనమైనాయి. విషవాయువు వల్ల ఒకరు చనిపోయారు.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి వచ్చింది. లావా మెల్లిగా రేవు ముఖం వైపు సాగింది. ఇల్లు పోతే మళ్లీ కట్టుకోవచ్చు. రేవు పూడిపోతే పడవలుండవు, వేట వుండదు, బతుకే వుండదు. మరి నిప్పుల ఏరును ఆపటం ఎలా?

మీ అమ్మ బెల్లం పాకం పట్టేటప్పుడు చూడండి. ఉడుకుతున్న పాకం గరిటె నుంచి జారిపోతుంది. దానినే ఒక చుక్క చన్నీళ్లలో వేస్తే గట్టిపడుతుంది. లావా కూడా అంతే. దాని మీద చాలినంత నీరు పోస్తే పైభాగం గట్టి రాయి అవుతుంది. ఆ రాయే వెనక వచ్చే లావాకు ఆనకట్ట అవుతుంది.

ఫిబ్రవరిలో అగ్నిమాపక గొట్టాలతో నీరు కొట్టడం మొదలుపెట్టారు. అది అయ్యే పని కాదన్నవాళ్లు కూడా వున్నారు. మార్చిలో లావా ఊరి మీదికి తిరిగి ఎన్నో ఇళ్లను మింగింది. అప్పుడు అమెరికా నుంచి పెద్ద పంపులు తెప్పించారు. ఇంకా పొగలు కక్కే లావా మీదనే బుల్‌డోజర్లతో బాటలు వేసి, గొట్టాలు పరిచారు. మొత్తం మీద 60 లక్షల టన్నుల సముద్రపు నీరు పోశారు. క్రమంగా లావా రావటం కూడా తగ్గింది. జులై 3న అగ్నిపర్వతం చల్లారిందని ప్రకటించారు.

రేవు దక్కింది. పైగా రేవు ముఖం ఇరుకై, ఇదివరకటికన్నా అలల బాధ తగ్గింది! దీవి కూడా 2 చదరపు కిలోమీటర్లకు పైగా పెరిగింది. 200 మీటర్లకు మించిన కొత్త కొండ ఒకటి లేచింది. దానికి ‘అగ్నికొండ’ అనే అర్థం వచ్చేలా ఎల్డ్‌ఫెల్ అని పేరు పెట్టారు.

జనంలో చాలామంది తిరిగి వచ్చారు. ఊడ్చిన బూడిదను విమానాశ్రయం పెంచటానికీ, కొత్త ఇళ్ల కింద నేల మెరక చేయటానికీ వాడారు. లావా లోపల వేడి ఏళ్ల తరబడి తగ్గలేదు. దానితో నీరు కాచి, గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపి, చలికాలంలో గదులు వెచ్చబెట్టుకున్నారు. అలా పదేళ్లకు పైగా, ఊరిని మింగబోయిన నిప్పే ఆ ఊరికి చలి కాచింది.