అందరికీ అందే వెబ్‌సైటు

నేడు కళాశాలలో ప్రవేశానికి దరఖాస్తు, పరీక్ష రుసుము, హాల్ టికెట్టు, ఫలితాలు, ఉపకార వేతనం మొదలైనవన్నీ చాలవరకు వెబ్‌సైటు ద్వారానే జరుగుతున్నాయి. పూర్వం కార్యాలయపు కిటికీ వద్ద నిలిచి గుమాస్తాను అడిగి తెలుసుకొనే వీలుండేది. ఆ కిటికీ స్థానాన్ని ఇప్పుడు తెర ఆక్రమించింది. కనుక తెరను చూడలేనివారికి, మౌస్‌ను పట్టలేనివారికి, ధ్వనిని వినలేనివారికి వెబ్‌సైటు అందకపోయినట్లయితే, విద్యయే అందకుండా పోయే ప్రమాదమున్నది.

అంధులు కంప్యూటరును ఎట్లు వాడగలరని పలువురు ఆశ్చర్యపడుతుంటారు. తెరపై గల అక్షరాలను పైకి చదివి వినిపించే 'స్క్రీన్ రీడర్' అనే ప్రోగ్రాము ఇందుకు సాధనం. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కర్రన్ అనే అంధుడు 2006లో ఆరంభించిన ఎన్‌వీడీఏ అట్టిదే. దానిని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. చూపున్నవారు పుటనంతటినీ ఒక్కసారి పరికించి తమకు కావలసిన చోటికి పోతారు. వినేవారికి పుట ఒక్కొక్క మాటగా, వరుసగా మాత్రమే అందుతుంది. అందుచేత వారు 'హెచ్' మీటను నొక్కి శీర్షిక నుండి శీర్షికకు, 'ట్యాబ్' మీటతో లింకు నుండి లింకుకు సాగిపోతారు. శీర్షికను శీర్షికగా నిర్దేశింపక, కేవలం అక్షరాలను లావుచేసి వదలిన పుటలో 'హెచ్' మీట నిష్ప్రయోజనం. పుటనిండా 'ఇక్కడ నొక్కండి' అన్న లింకులే ఉంటే, దేనికోసం నొక్కాలో చెవికి తెలియదు. బొమ్మకు దాని భావాన్ని తెలిపే చిన్న వాక్యాన్ని జతచేయకుంటే, ఫైలు పేరులోని అంకెలు తప్ప మరేమీ వినిపించకపోవచ్చు.

ఈ విషయం న్యాయస్థానాల ముందుకు కూడా వచ్చింది. 2000వ సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటులో బొమ్మలకు వివరణలు లేవనీ, ఫలితాల పట్టికలు తనకు అందడం లేదనీ బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు ఆస్ట్రేలియా మానవ హక్కుల సంఘానికి ఫిర్యాదు చేశారు. సరిదిద్దడానికి ఒక మనిషి 368 రోజులు శ్రమించవలసి ఉంటుందని నిర్వాహకులు వాదించారు. అంత కాలం అక్కరలేదని నిపుణులు సాక్ష్యమిచ్చారు. ఆగస్టులో తీర్పు మగ్వైర్‌కు అనుకూలంగా వచ్చింది. దానిని పూర్తిగా అమలు జరుపనందుకు నిర్వాహకులు 20,000 డాలర్ల పరిహారం చెల్లించవలసివచ్చింది. కట్టిన తరువాత గోడను పగులగొట్టి ద్వారం పెట్టడం ఎప్పుడూ ఖరీదైన పనే.

మన రెండు భాషల విషయంలో చిక్కు మరికొంత లోతైనది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. అయినను, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకృతులను అమర్చిన పాత ఫాంట్లతో వ్రాయడం చిరకాలం కొనసాగింది. అట్టి పుట కంటికి చక్కని తెలుగే. యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఇక ఉర్దూను నస్తాలీఖ్ సొగసు చెడకుండా చూపాలన్న మక్కువతో పుటను బొమ్మగా మార్చి పెట్టడం పరిపాటి అయింది. బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాధనాలున్నా, ఆ వంపుల వద్ద అవి తడబడతాయి. యూనికోడ్‌లో పనిచేసే నస్తాలీఖ్ ఫాంట్లు నేడు ఉచితంగానే లభిస్తున్నందున, అందం కోసం అర్థాన్ని బలిపెట్టవలసిన అగత్యం లేదు. పుటలోని ఏ భాగం ఏ భాషలో ఉన్నదో సంకేతంతో తెలుపడం కూడా అవసరం. అప్పుడే స్క్రీన్ రీడర్ తెలుగును తెలుగు గొంతుతో, ఉర్దూను ఉర్దూ గొంతుతో చదువగలుగుతుంది.

ఇతరుల అవసరాలు కూడా ఇట్టివే. బధిరులకు వీడియో క్రింద మాటలు కనిపించాలి. చేతులు వణికేవారికి అన్ని పనులూ మీటలతోనే సాగాలి. తప్పక పూరించవలసిన గళ్ళను ఎరుపు రంగుతో మాత్రమే చూపితే వర్ణాంధత్వం గలవారు గుర్తింపలేరు. తెల్లని పుటపై లేత బూడిదరంగు అక్షరాలు నేటి మోజు. సాధారణ అక్షరాలకు, వెనుకటి రంగుకు మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ సౌలభ్యాన్ని కోరుతున్నది. బ్యాంకుల ఖాతాదారుల పరిశీలనలో కనురెప్పలు ఆర్పి చూపమనే పద్ధతి ఆమ్లదాడి బాధితులకు, అంధులకు అడ్డంకిగా ఉన్నదన్న వ్యాజ్యంలో, డిజిటల్ సౌలభ్యం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న స్పష్టపరిచింది.

కళాశాల వెబ్‌సైటును పరీక్షించడానికి నిపుణులే రానక్కరలేదు. మౌస్‌ను ప్రక్కనబెట్టి మీటలతోనే దరఖాస్తు పూర్తిచేయ యత్నించవచ్చు. పిమ్మట ఎన్‌వీడీఏతో ఒక ప్రకటనను కళ్ళు మూసుకొని వినవచ్చు. సాధారణంగా ప్రకటనను మొదట కంప్యూటరులోనే టైపు చేస్తారు. తరువాత దానిని అచ్చుతీసి, సంతకం చేసి, ముద్రవేసి, స్కాన్ చేసి వెబ్‌సైటులో ఉంచుతారు. ఇంత శ్రమపడి చేసేది, చదువగల దానిని చదువరానిదిగా మార్చడమే! సంతకము, ముద్ర తప్పనిసరి అనుకుంటే, ఆ బొమ్మ క్రిందనే టైపు చేసిన పాఠాన్ని కూడా ఉంచవచ్చు.