హైదరాబాద్‌ నుంచి ఒక్కరోజులో బీదర్‌: ఏం చూడాలి, ఎలా చూడాలి?

గోల్కొండ, చార్మినార్‌ చూడని తెలుగు ముస్లిం కుటుంబం దాదాపు ఉండదు. కానీ గోల్కొండ ఏ రాజ్యంలో నుంచి పుట్టిందో, ఆ రాజ్యం రాజధాని ఎక్కడుందో పిల్లల్ని అడిగితే చాలామంది చెప్పలేరు. ఆ ఊరు బీదర్‌. జహీరాబాద్‌ దాటితే ఇంకో అరగంట, ముప్పావు గంట ప్రయాణం, అంతే. 1956 దాకా హైదరాబాద్‌ రాష్ట్రంలోనే ఉండేది, ఇప్పుడు కర్ణాటకలో ఉంది.

1347లో గుల్బర్గాలో మొదలైన బహమనీ రాజ్యానికి అహ్మద్‌ షా వలీ కాలంలో బీదర్‌ రాజధాని అయింది. తర్వాత ఆ రాజ్యం ఐదు ముక్కలైంది: బీజాపూర్‌, అహ్మద్‌నగర్‌, బేరార్‌, బీదర్‌, గోల్కొండ. గోల్కొండలో కుతుబ్‌షాహీ వంశాన్ని నిలబెట్టిన సుల్తాన్‌ కులీ మొదట బహమనీల కొలువులో పనిచేసినవాడే. అంటే హైదరాబాద్‌ కథకు మొదటి పేజీలు బీదర్‌లో ఉన్నాయన్నమాట.

ఎలా వెళ్లాలి

హైదరాబాద్‌ నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ముంబై హైవే మీద జహీరాబాద్‌ దాకా వెళ్లి అక్కడ కుడివైపు తిరగాలి. కారులో మూడు గంటలు వేసుకోవచ్చు. బస్సులు, రైళ్లు కూడా ఉన్నాయి. ఫజర్‌ నమాజు చేసుకుని బయల్దేరితే ఎండ ముదరకముందే కోటలో ఉంటారు. ఊరు ఎత్తైన పీఠభూమి మీద ఉంది కాబట్టి వానాకాలం, చలికాలంలో హాయిగా ఉంటుంది. వేసవిలో ముసలివాళ్లను, చంటిపిల్లలను తీసుకెళ్తే కష్టం, లోపల చాలా నడవాలి. భాషకు ఇబ్బంది లేదు. దక్కనీ ఉర్దూ ఎక్కడైనా నడుస్తుంది, తెలుగు తెలిసినవాళ్లూ తగులుతారు.

మొదట కోట

ఎర్రటి జంబిటి రాతిని తొలిచి చేసిన కందకం ఒకవైపు మూడు వరుసలుగా కనిపిస్తుంది. షర్జా దర్వాజా మీద చెక్కిన రెండు పులుల బొమ్మలను పిల్లలకు చూపించండి. లోపల పదహారు స్తంభాల మసీదు అని పిలిచే సోలా ఖంబా మసీదు, గగన్‌ మహల్‌, తఖ్త్‌ మహల్‌ ఉన్నాయి. రంగీన్‌ మహల్‌ను మాత్రం వదలొద్దు. నల్లరాతిలో ముత్యపు చిప్పను పొదిగిన పని, చెక్క స్తంభాల నగిషీ దగ్గర నుంచి చూడాల్సినవి. చాలాసార్లు దానికి తాళం వేసి ఉంటుంది. తాళం చూసి వెనక్కి రాకుండా, కోటలోని పురావస్తు శాఖ సిబ్బందిని మర్యాదగా అడగాలి.

తర్వాత మదరసా

ఊరి నడిబొడ్డున మహమూద్‌ గవాన్‌ మదరసా ఉంది. ఇరాన్‌లోని గీలాన్‌ నుంచి వ్యాపారిగా వచ్చి, బహమనీల ప్రధానమంత్రి దాకా ఎదిగిన మనిషి గవాన్‌. 1472లో ఈ మూడంతస్తుల మదరసా కట్టించారు. పాఠాలు చెప్పే హాళ్లు, మసీదు, విద్యార్థులకు, ఉస్తాదులకు గదులు, సుమారు 3,000 రాతప్రతుల గ్రంథాలయం ఉండేవి. 1696లో జరిగిన మందుగుండు పేలుడులో ముందుభాగం చాలా వరకు కూలింది. రెండు మినార్లలో ఒకటే మిగిలింది. దానిమీద నీలం, తెలుపు పింగాణీ పలకలు ఇప్పటికీ మెరుస్తాయి.

గవాన్‌ చివరి రోజులు పిల్లలకు తప్పక చెప్పాలి. గిట్టనివాళ్లు ఆయన ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, శత్రురాజుకు రాసినట్టు దొంగ ఉత్తరం పుట్టించారు. సుల్తాన్‌ విచారణ చేయకుండానే 1481లో మరణశిక్ష వేయించాడు. తర్వాత ఆయన ఇంట్లో వెతికితే పెద్దగా సొమ్ము దొరకలేదని చరిత్రకారులు రాశారు. తన తిండికీ బట్టకూ సొంత వ్యాపారం లాభమే వాడేవాడట, మిగతాది పేదలకు పోయేదట. రాజ్యం ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. వచ్చినదాన్ని సరిచూసుకోకుండా నమ్మితే ఏమవుతుందో, ఫోన్లో వచ్చిన ప్రతిదీ ముందుకు పంపేసే మన రోజులకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

భోజనం, నమాజు

మధ్యాహ్నం జొహర్‌కు ఊళ్లోని జామా మసీదు ఉంది. పాతబస్తీలో చౌబారా అనే గుండ్రటి కావలి బురుజు చుట్టుపక్కల హోటళ్లు దొరుకుతాయి. గురునానక్‌ పేరుతో ముడిపడిన నానక్‌ ఝీరా గురుద్వారా కూడా చూడదగ్గదే. అక్కడ లంగర్‌లో ఎవరు వచ్చినా అన్నం పెడతారు. తలకు గుడ్డ కప్పుకుని వెళ్లాలి.

సాయంత్రం అష్టూర్‌

ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో బహమనీ సుల్తాన్‌ల సమాధులు వరుసగా ఉన్నాయి. దారిలో హజ్రత్‌ ఖలీలుల్లా చౌఖండీ వస్తుంది. అహ్మద్‌ షా వలీ సమాధి లోపల గోడల మీద, గుమ్మటం మీద రంగుల నగిషీ ఉంది. చీకటిగా ఉంటుంది, టార్చి తీసుకెళ్లండి. ఆయన ఉర్సుకు హిందువులు, లింగాయతులు కూడా వస్తారు. ఆ ఉర్సు హిందూ పంచాంగం ప్రకారం జరగడం విశేషం. పక్కనే హుమాయూన్‌ బహమనీ గుమ్మటం పిడుగు పడి సగానికి చీలిపోయి నిలబడి ఉంది.

బిద్రీ కొనేముందు

జింకు, రాగి కలిపి పోతపోసి, ఉలితో గీతలు చెక్కి, అందులో వెండి తీగ కూర్చి, చివర కోటలోని మట్టిని నవసారంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. ఇదే బిద్రీ. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో బీదర్‌ కళాకారుడు షా రషీద్‌ అహ్మద్‌ ఖాద్రీకి పద్మశ్రీ ఇచ్చారు. పేరు వచ్చినా, ఇంత ఓపిక పనిలోకి కొత్త పిల్లలు రావాలంటే కష్టానికి తగిన ధర దొరకాలి. ఒక చిన్న పెట్టె వెనక ఎన్ని చేతులు, ఎన్ని రోజులు ఉన్నాయో కార్ఖానాలో నిలబడి చూశాక ధర అడగండి. వెండి ఎంత వాడారో అడిగి, బిల్లు తీసుకోండి. బేరం ఆడొచ్చు, కానీ సగానికి సగం కోసేస్తే ఆ కోత పడేది పనివాడి కూలి మీదే.

చివరగా ఒక్కమాట. మదరసా గోడల మీద, సమాధుల మీద పేర్లు గీకినవాళ్లు ఎక్కడి నుంచో రాలేదు, మనలాగే చూడ్డానికి వచ్చినవాళ్లే. పిల్లల చేతికి టార్చి ఇచ్చి లోపలికి పంపేముందు ఈ సంగతి కూడా చెప్పి పంపండి.