15 ఏళ్లకే 72 రాగాల్లో సొంత కీర్తనలు.. బెజవాడ కుర్రాడి పాట ఎలా మొదలైందంటే?

విజయవాడ: సొంతంగా పాట రాసుకుని, ఫోన్ స్టాండ్‌కి పెట్టి పాడి, సాయంత్రానికల్లా అప్‌లోడ్ చేసేసే టీనేజర్లు ఇప్పుడు కృష్ణా తీరంలో చాలామందే కనిపిస్తున్నారు. సింగర్-సాంగ్‌రైటర్ అనే మాట కొత్తగా అనిపించొచ్చు. కానీ తెలుగులో దానికి ఎప్పటి నుంచో పేరుంది.. వాగ్గేయకారుడు. అంటే మాట రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ ఒక్కరే. ఇదే విజయవాడలో టీనేజ్ దాటకముందే ఆ పని చేసి చూపించిన కుర్రాడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

చాలామందికి ఆయన 'భక్త ప్రహ్లాద' సినిమాలో నారదుడిగానో, పద్మవిభూషణ్ అందుకున్న పెద్దాయనగానో గుర్తు. మరి ఆ పెద్దాయన చిన్నప్పుడు మొదలుపెట్టింది ఎలా? ఇప్పుడు పాటలు రాస్తున్న పిల్లలకు అందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

పేరు ముందు 'బాల' ఎలా వచ్చింది?

1930 జులై 6న గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ ఆయన పసికందుగా ఉన్నప్పుడే చనిపోయారు. తండ్రి పట్టాభిరామయ్య సంగీతం తెలిసిన మనిషి, వేణువు వాయించేవారు. కొడుకు గొంతులో ఏదో ఉందని గమనించి విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేర్చారు. ఈ గురువుగారిది మామూలు పరంపర కాదు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, శాస్త్రిగారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన నేరుగా త్యాగరాజ స్వామి శిష్యుడు. అంటే బెజవాడలో కూర్చున్న ఈ పిల్లాడికి, త్యాగరాజుకి మధ్య ఉన్నది ముగ్గురే ముగ్గురు!

ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ ఆరాధనోత్సవాల్లో మొదటి పూర్తి స్థాయి కచేరీ. అసలు పేరు మురళీకృష్ణ. ఈ బుడతడి పాట విన్న హరికథా విద్వాంసుడు ముసునూరి సత్యనారాయణ భాగవతార్ ఆ పేరుకి 'బాల' అని ముందు చేర్చారు. 86 ఏళ్లు వచ్చినా ఆ 'బాల' పోలేదు.

72 రాగాలంటే ఎంత పని?

అసలు విషయం ఇక్కడుంది. చిన్నప్పుడే కచేరీ చేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. బాలమురళి 15 ఏళ్లకే 72 మేళకర్త రాగాల మీద పట్టు సాధించి, అన్నింటిలోనూ సొంత కీర్తనలు కట్టారు. ఇది ఎంత పెద్ద పనో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి.

కర్ణాటక సంగీతంలో స, ప కదలవు. రి-గ జంటను ఆరు రకాలుగా పెట్టుకోవచ్చు, ద-ని జంటను కూడా ఆరు రకాలుగా. మ రెండు రకాలు. ఆరు ఆర్ల ముప్పై ఆరు, ఇంటూ రెండు.. 72. ఇవే మేళకర్తలు. మిగతా రాగాలు వీటి నుంచే పుట్టాయని చెబుతారు కాబట్టి జనక రాగాలు అని కూడా అంటారు. సంగీతం క్లాసులో పిల్లలకు మొదట నేర్పే మాయామాళవగౌళ ఇందులో 15వది. శంకరాభరణం 29.

ఇలాంటి పేరున్న రాగాల్లో పాట కట్టడం ఒక ఎత్తు. మొదటి రాగం కనకాంగి చూడండి. కీబోర్డ్ మీద స, రి, గ మూడూ పక్కపక్క మెట్లే. అటు ప, ద, ని కూడా అంతే. మధ్యలో పెద్ద ఖాళీ. గొంతు ఆ మెట్ల మీద నిలబడటమే కష్టం, ఇక వినసొంపుగా బాణీ కట్టడం గురించి చెప్పక్కర్లేదు. ఇలా ఇరుకు స్వరాలున్న వాటిని వివాది మేళాలంటారు. 72లో 40 అవే. అంటే సగం కంటే ఎక్కువ రాగాల్లో విని నేర్చుకోవడానికి పాటలే తక్కువ. పిల్లాడు దారి వెతుక్కుంటూ పోవాల్సిందే.

ఇందులో ఇంకో మలుపు. బాలమురళికి 15 ఏళ్లు వచ్చేసరికి విజయవాడలో రేడియో స్టేషన్ కూడా లేదు. ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. ఆ కీర్తనలు 'జనక రాగ మంజరి' పేరుతో పుస్తకంగా వచ్చింది 1952లో. మొత్తం రికార్డింగులుగా, 'రాగాంగ రావళి' పేరుతో తొమ్మిది భాగాల్లో బయటికొచ్చింది ఇంకా చాలా కాలం తర్వాత. ఇప్పటి పిల్లలకు ఇది నమ్మశక్యం కాదేమో గానీ, అప్పట్లో సొంత పాట అందరికీ చేరడానికి ఏళ్లు పట్టేది. ఆ ఏళ్లన్నీ ఆయన కచేరీలు చేశారు, వయోలిన్, వయోలా, మృదంగం వాయించారు, విజయవాడ రేడియోలో పనిచేశారు, అక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపల్ అయ్యారు.

సొంత పాట అంటే గొడవలూ ఉంటాయి

నాలుగు స్వరాలతో మహతి, లవంగి, మూడింటితోనే సర్వశ్రీ.. ఇలా కొత్త రాగాలు కూడా చేశారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది పాత లెక్క. అందుకే కొందరు విద్వాంసులు ఒప్పుకోలేదు. వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ అయితే 1980ల్లో బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. సంగీత కళానిధి బిరుదు అందుకున్న తర్వాత కూడా ఈ పేచీ తప్పలేదు. కామెంట్ బాక్స్‌లో నాలుగు మాటలు పడగానే వీడియో డిలీట్ చేసే వాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవచ్చు.

మరి ఇప్పటి పిల్లల సంగతేంటి?

పాత వాగ్గేయకారులు పాట చివర్లో ముద్ర వేసేవారు. అంటే పాటలోనే తమ పేరు వచ్చేలా రాసేవారు. ఎవరు పాడినా ఇది ఫలానా వారిదని తెలిసేది. ఇప్పుడు ఆ పని కాపీరైట్ చట్టం చేస్తోంది. పాట రాసిన క్షణం నుంచే హక్కు మీదే. వయసుతో పనిలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. వివాదం వస్తే రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుంది.

చాలామంది బోల్తా పడేది ఎక్కడంటే.. ఒక పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ వేర్వేరు ఆస్తులు. రికార్డింగ్‌కి డబ్బు పెట్టిన సంస్థకు ఆ రికార్డింగ్ మీద హక్కు ఉండొచ్చు. కానీ సాహిత్యం, బాణీకి వచ్చే రాయల్టీలో వాటాను రాసినవాళ్లు పూర్తిగా వదులుకునేలా రాయించుకోవడం 2012 చట్ట సవరణ తర్వాత చెల్లదు. ఇంకోటి, 18 ఏళ్లు నిండని వాళ్లు చేసుకున్న కాంట్రాక్ట్ మన చట్టం ప్రకారం చెల్లదు. అందుకే కంపెనీలు అమ్మానాన్నల సంతకం అడుగుతాయి. ఆ సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదివించుకోవాలి. 'అన్ని హక్కులూ, శాశ్వతంగా' అనే మాట కనిపిస్తే అక్కడే ఆగి లాయర్‌ని అడగాలి.

యూట్యూబ్ డబ్బు కూడా 18 లోపు పిల్లల పేరు మీద నేరుగా రాదు, పెద్దవాళ్ల ఖాతాతో లింక్ చేయాలి. పైగా యాడ్స్ ఆదాయం మొదలవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వాచ్ టైమ్ కావాలి, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. సినిమా పాటల కవర్లకు వ్యూస్ త్వరగా వస్తాయి, నిజమే. కానీ ఆ ఆదాయం సాధారణంగా ఆడియో కంపెనీకే వెళ్తుంది. సొంత పాటకు వ్యూస్ తక్కువైనా, వచ్చేది ఎవరికి చెందుతుందో గొడవ లేదు.

చట్టం ప్రకారం సాహిత్యం, బాణీ మీద హక్కు రచయిత జీవితాంతం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. బాలమురళి 2016 నవంబర్ 22న చెన్నైలో కన్నుమూశారు. ఆ లెక్కన, రేడియో స్టేషన్ కూడా లేని బెజవాడలో 15 ఏళ్ల కుర్రాడు కట్టిన కీర్తనలకు 2076 చివరి వరకు రక్షణ ఉంది.