పాటకు నిండిన స్టేడియం ఆటకూ నిండాలి

భువనేశ్వర్‌లో కళింగ స్టేడియం అంటే ఒక్క మైదానం కాదు. ఒకే ఆవరణలో పరుగుపందేల ట్రాకు, ఫుట్‌బాల్ మైదానం, ఈతకొలను, హాకీ మైదానం అన్నీ ఉన్నాయి. 2017లో ఆసియా అథ్లెటిక్స్ పోటీలు, 2022లో పదిహేడేళ్ళలోపు బాలికల ప్రపంచ కప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఇక్కడ జరిగాయి. అయినా ఈ ఊరివాళ్ళకు కళింగ అంటే హాకీయే.

2018 పురుషుల హాకీ ప్రపంచ కప్ ప్రారంభోత్సవం నవంబరు 27న ఇక్కడే జరిగింది. ఎ.ఆర్. రెహమాన్ పాట, మాధురీ దీక్షిత్ నృత్యం, షారుఖ్ ఖాన్ రాక! ఆ వారమంతా మా తెలుగు ఇళ్ళలో ఒకటే మాట, "పాసులు దొరికాయా?" అని. మర్నాడు సాయంత్రం మన జట్టు దక్షిణాఫ్రికాను 5-0తో ఓడించింది. ఆ మ్యాచ్ టికెట్ల సంగతి నన్ను అడిగినవారు ఒక్కరంటే ఒక్కరు.

పాటను తక్కువ చేసి అనడం లేదు. పాట జనాన్ని గేటు దాటి లోపలికి తెస్తుంది. కానీ లోపల చూడవలసింది ఇంకా చాలా ఉంది. ఆ నీలిరంగు మైదానంలో ఉన్నది నిజమైన గడ్డి కాదు, కృత్రిమంగా నేసినది. ఆటకు ముందు దాన్ని నీళ్ళతో తడుపుతారు. తడిమీద బంతి ఎగిరిపడకుండా వేగంగా జారుతుంది, పడినవారికి ఒళ్ళు అంతగా గీసుకుపోదు. టీవీలో ఆ వేగం సగం కూడా తెలియదు.

మా అన్నయ్య కూతురు హాకీ ఆడుతుంది. 2024లో అది పదో తరగతి. "ప్లస్ టూలో చేరాక ఆ కర్ర అటకమీద పెట్టు" అనేవాడు అన్నయ్య. ఆ ఫిబ్రవరిలో ఇక్కడ మహిళల ప్రో లీగ్ మ్యాచ్‌లు జరిగితే, తండ్రీకూతుళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. మూడో క్వార్టర్‌లో కాబోలు, "ఆ గోల్‌కీపర్ కాళ్ళకు కట్టుకున్నవి ఎంతవుతాయే?" అని పిల్లనడిగాడు. కర్ర ఇప్పటికీ అటకెక్కలేదు. చదువా, ఆటా అన్న వాదన మాత్రం ఆ ఇంట్లో తెగలేదు.

తెలుగు పిల్లలకు హాకీ ఎక్కడిదని అనేవారున్నారు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఇ. రజని భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. తరతరాలుగా ఒడిశాలో ఉంటున్న మనకు ఇంతటి మైదానం ఊళ్ళోనే ఉంది.

2023 ప్రపంచ కప్‌కు ప్రారంభోత్సవం కటక్‌లోని బారాబతి స్టేడియంలో చేసి, మ్యాచ్‌లు భువనేశ్వర్, రూర్కెలాలలో ఆడించారు. పాట ఎక్కడికైనా వెళ్ళగలదు, ఆటకు మాత్రం ఆ తడిసిన నేల కావాలి. సంగీత విభావరులకు బస్సు మాట్లాడుకునే మనం ఏడాదికొకసారైనా హాకీకి కూడా మాట్లాడుకుందాం. ఈసారి పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెడదాం.