స్మూతనింగ్ పొగలో ఏముంది?

నికాహ్ తేదీ ఖాయమైతే చాలు, పెళ్లికూతురితో పాటు ఆమె చెల్లెళ్లు, వదినలు కూడా పార్లర్‌లో స్మూతనింగ్‌కో, కెరటిన్‌కో పేరు రాయించుకుంటున్నారు. ఉంగరాల జుట్టు ఒక లోపమనే మాట మన ఇళ్లలోకి ఎప్పుడు చొరబడిందో గాని, అది వేరే చర్చ. ఆ క్రీములో ఏముందో, వేడి తగిలితే అది ఏమవుతుందో మాత్రం ఇంటివాళ్లకూ తెలియాలి, ఆడపిల్లల ఉపాధి కోసం బ్యూటీషియన్ శిక్షణకు డబ్బిచ్చే దాతలకూ తెలియాలి.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రోటీన్ పోగులను గంధకపు బంధాలు పట్టి ఉంచుతాయి. జుట్టు వంపు పోవాలంటే ఆ బంధాలను తెంచాలి, లేదా పోగులను కొత్త ఆకారంలో బిగించాలి. తెంచే క్రీముల్లో కొన్నింటిలో సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా ఉంటుంది. మాడుకు తగిలితే కాలుతుంది.

బిగించే పని చాలాకాలంగా ఫార్మాల్డిహైడ్ చేస్తోంది. బడి సైన్సు గదిలో గాజు సీసాలోని కప్ప ఏళ్ల తరబడి చెడకుండా ఉండటానికి కారణమైన ఫార్మలిన్, ఈ వాయువు నీళ్లలో కలిసిన రూపమే. 2018లో చేపల్లో ఫార్మలిన్ ఉందంటూ అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపలను కొన్నాళ్లు ఆపేసింది. చేపలో ఉందంటే అంత గగ్గోలు పెట్టాం, తలకు మాత్రం వేలు పోసి పెట్టించుకుంటున్నాం. ఇది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది.

సీసా మీద ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని ఉంటే సరిపోతుందా? నీళ్లలో కలిసినప్పుడు అది మెథిలీన్ గ్లైకాల్‌గా మారుతుంది. పేరు మారినా, 200 డిగ్రీలు దాటిన ఇస్త్రీ పెట్టె కింద మళ్లీ వాయువై బయటికి వస్తుంది. 2010లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం అలాంటి చీటీ ఉన్న ఒక సరుకును పరీక్షిస్తే, సగటున ఎనిమిది శాతానికి పైగా ఫార్మాల్డిహైడ్ తేలింది.

దాని స్థానంలో ఇప్పుడు చాలా సరుకుల్లో గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడుతున్నారు. ఇది శరీరంలోకి చేరితే ఆక్సలేట్‌గా మారి, కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది. 26 ఏళ్ల యువతి ఒకరు 2020, 2021, 2022లలో మూడుసార్లు జుట్టు సాపు చేయించుకుని, మూడుసార్లూ వాంతులు, నడుము నొప్పితో మూత్రపిండాలు దెబ్బతిన్న వైనాన్ని ఫ్రాన్సు వైద్యులు 2024లో ప్రకటించారు. అదే క్రీమును ఎలుకల చర్మానికి రాసి చూస్తే వాటి మూత్రపిండాల్లోనూ స్ఫటికాలు కనిపించాయి. కనుక స్మూతనింగ్ చేయించుకున్న తర్వాత వాంతులు, నడుము పక్కల నొప్పి వచ్చినా, మూత్రం తగ్గినా, డాక్టరుకు చెప్పే మొదటి మాట ఈ క్రీము సంగతే కావాలి. ఆయన అడగరు, మనమే చెప్పాలి.

2022లో అమెరికాలో 33 వేల మందికి పైగా స్త్రీలపై జరిగిన అధ్యయనం మరో హెచ్చరిక చేసింది. సాపు చేసే మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం కాగా, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవారిలో 4.05 శాతమని లెక్క తేలింది. మందే కారణమని దీనితోనే రుజువైపోలేదు. కాని ఏటా నాలుగైదుసార్లు చేయించుకునేవారు ఆలోచించవలసిన అంకె ఇది.

కస్టమరు ఏ ఆరునెలలకో ఒకసారి వచ్చి రెండు మూడు గంటలు కూర్చుని వెళ్లిపోతుంది. ఆ ఇస్త్రీ పెట్టె పట్టుకున్న పిల్ల రోజూ ఆ పొగలోనే నిలబడుతుంది. కళ్లు మండినా, గొంతు పట్టేసినా పనిలో ఇది మామూలే అనుకుంటుంది. పైగా పర్దా కోసం ఆడవాళ్ల పార్లర్లలో కిటికీలు మూసి, తెరలు దించి, ఏసీ వేస్తారు. పొగ గదిలోనే తిరుగుతుంది. గుడ్డ మాస్కు వాయువును ఆపలేదు. పర్దాకు భంగం లేకుండా వెనక గోడకు గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించవచ్చు. గర్భిణులను, చిన్నపిల్లలను, మాడు మీద పుండ్లున్నవారిని ఈ పనికి ఒప్పుకోకూడదని నేర్పించవచ్చు. శిక్షణ పూర్తయిన పిల్లకు సర్టిఫికెట్టు, కిట్టు ఇస్తున్న చోట, ఆమె పెట్టుకోబోయే గదికి ఆ ఫ్యాను ఖర్చు కూడా కలిపితే పెద్ద మొత్తమేమీ కాదు.