వేసవిలో నిమ్మపానకము



ఫాల్గుణము ప్రవేశించినది మొదలు మన రాయలసీమలో సూర్యభగవానుని ప్రతాపము దినదినాభివృద్ధి నొందుచుండును. కర్నూలు, కడప సీమలలో నడివేసవియందు ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఇక బేతంచెర్ల వంటి రాతిసీమను గూర్చి వేరుగ చెప్పవలెనా! 2022లో నంద్యాల జిల్లాలో చేరిన యీ యూరు నాపరాతికి పేరుపొందినది. ఇచ్చటి బండలు ఎందరి యిండ్లలోనో నేలలై చల్లదనము నిచ్చుచున్నవి. గనులలో వానిని తీయువారికి మాత్రము పైన నెండయు, క్రింద రాతివేడిమియు తప్పుట లేదు. అట్టి తావున మధ్యాహ్నవేళ నొక గ్లాసు నిమ్మపానకము అమృతతుల్యమనుట యతిశయోక్తి కాదు.

నిమ్మరసము మన సీమలో పెక్కు వేషములు ధరించును. ఉప్పు వేసిన నిమ్మనీళ్లు, పంచదార షర్బతు, బెల్లపు పానకము, నిమ్మసోడా అందరెరిగినవే. వీనికి తోడు వనమూలికల వేళ్లతో కాచిన నన్నారి కలదు. నన్నారిలో నిమ్మకాయ పిండి, నానిన సబ్జాగింజలు వేసి యిచ్చుట మన యంగళ్ల యాచారము. గోలీసోడా సీసా మనదే యనిపించును గాని, దానిని కనిపెట్టి 1872లో హక్కుపత్రము పొందినవాడు హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు. లోని వాయువు గోలీని మెడయందలి రబ్బరు చుట్టునకు అదిమి, వేరు బిరడా యక్కరలేకుండ చేయును.

నిమ్మజాతి ఫలముల గుణమును లోకమునకు చాటినది 1747 నాటి యొక పరీక్ష. చిగుళ్లు వాచి నెత్తురు కారు స్కర్వీ వ్యాధితో బాధపడు పండ్రెండుగురు నావికులకు జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు ఇద్దరిద్దరికి వేర్వేరు పదార్థము లిచ్చి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న యిద్దరును త్వరగా కోలుకొనిరి. అందలి సి విటమిను ఆహారములోని యినుమును దేహము గ్రహించుటకు తోడ్పడును. కనుక రక్తహీనత గల స్త్రీలు రాగిసంగటితోను, ఆకుకూరతోను నిమ్మరసము పుచ్చుకొనుట మేలు. భోజనముతో తేనీరు త్రాగుట కీడు.

పానకము చేయు విధము సులభము. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు తలకొట్టుగ కొలిచి కరగించి, రెండు నిమ్మకాయల రసము పిండవలెను. తొక్క నలుగునట్లు పిండినచో చేదెక్కును. గాజు, మట్టి, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలే వాడవలెను. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు నిలువ ఉంచరాదు. నిమ్మపులుపు నీటిలోని రోగక్రిములను చంపునని నమ్మరాదు. ఎక్కడి నీటితో గడ్డకట్టినదో తెలియని మంచును కలుపరాదు. మధుమేహము గలవారు పంచదారను, రక్తపుపోటు గలవారు ఉప్పును వైద్యుని సలహా ననుసరించి వాడుకొనవలెను.

బిడ్డలకు విరేచనములు పట్టుకొన్నప్పుడు షర్బతును నమ్ముకొనక, ఆసుపత్రిలో నిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లమునే అందు వ్రాసిన కొలత ప్రకారము కలిపి యియ్యవలెను. ఆ పేరు పెట్టుకొని తీపిపానీయములు కొన్ని అంగళ్లలో చేరగా, హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమునకు సరిపడని పానీయములకు ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించినది. పొట్లముపై వ్రాసినది చదువుట తల్లికి ఎంత యవసరమో దీనివలన తెలియుచున్నది.

వడదెబ్బ విషయములోను పొరబడరాదు. దేహము కాలుచు, మాట తడబడి, తెలివి తప్పుచున్నవారి నోట ఏ పానీయమును పోయరాదు. వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు తడిపి, విసరుచు, 108 బండిని పిలువవలెను. నిమ్మపానకము ఆ యాపద రాకముందు పనికివచ్చునే గాని, వచ్చిన పిమ్మట చేయు వైద్యము కాదు.

తుదకొక్క మాట. బయట పనిచేయు స్త్రీలనేకులు మరుగుదొడ్డి లేదన్న బిడియముచే దప్పికను అణచుకొందురు. ఇంటనుండు ఇల్లాలు అందరికి నందిచ్చి తనను మరచును. ఈ యోర్పు ప్రశంసింపదగినది కాదు. మూత్రమునందు మంటకును, మూర్ఛకును దారితీయును. పనిచోట మరుగుదొడ్డి కావలెనని అడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. వాకిటికి వచ్చిన కూలివారికి నొక గ్లాసు నిమ్మనీళ్లిత్తము. మన కొరకును ఒక గ్లాసు మిగిల్చుకొందము.