కొక్కేలు కొనే ముందు పిన్నులు కొలవాలి

పోచంపల్లి: తొలకరి పడిందంటే ఈ ప్రాంతంలో ట్రాక్టరుకు తీరిక ఉండదు. పొద్దున చెల్కలో కల్టివేటరు, మధ్యాహ్నం మూసీ కాల్వ కింద మడిలో రోటవేటరు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నారు. ఇంటికి రెండెకరాల లెక్కన ఉండే అలాంటి కమతాల్లో తిరగడానికి చిన్న ట్రాక్టరే అనువు. చిక్కల్లా పనిముట్టు మార్చేటప్పుడే.

ఎద్దుల సేద్యంలో నాగలి విప్పి గుంటుక కట్టాలంటే కాడి మారేది కాదు, తాళ్లు సర్దితే చాలు. ట్రాక్టరు వెనుక కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింకు ఉంటాయి. ఈ మూడు చోట్ల పట్టు పద్ధతికి హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందారు. డ్రైవరు వెనక్కి తెస్తుంటే మరొకరు మధ్యలో నిలబడి బరువైన పనిముట్టును అటూ ఇటూ జరిపి పిన్ను దూర్చాలి. వేళ్లు నలిగేది, ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే.

ఈ శ్రమ తగ్గించడానికే త్వరగా తగిలించే కొక్కేలు వచ్చాయి. ఇవి మూడు రకాలు. మూడు కొక్కేలున్న చట్రం మొదటిది. దాన్ని ట్రాక్టరుకు ఒకసారి బిగిస్తే చాలు, వెనక్కి తెచ్చి పైకి లేపగానే పనిముట్టు పిన్నులు కొక్కేల్లో కూర్చుంటాయి. త్రికోణపు చట్రం రెండోది. దీనికి ప్రతి పనిముట్టుకూ జత ముక్క ఒకటి బిగించాలి. మూడోది కింది చేతులకు మాత్రమే కొక్కేలు లేదా బయటికి జరిగే కొసలు. ఖర్చు తక్కువ, టాప్ లింకు మాత్రం చేత్తోనే పెట్టాలి.

కొనే ముందు ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ కొలవాలి. మొదటి తరగతి పట్టులో కింది పిన్ను లావు 22, పై పిన్ను 19 మిల్లీమీటర్లు. రెండో తరగతిలో 28, 25. మరీ చిన్న ట్రాక్టర్లకు ఇరుకు రకం ఉంటుంది. దానిలో పిన్ను లావు మొదటి తరగతిదే, రెండు చేతుల మధ్య వెడల్పు తక్కువ. కింది పిన్నుల నుంచి పై పిన్నుకు ఉన్న ఎత్తు ఒక్కో పనిముట్టుకు ఒక్కో తీరుగా ఉంటే మూడు కొక్కేల చట్రం పట్టదు.

చట్రం బిగిస్తే పనిముట్టు కొన్ని అంగుళాలు వెనక్కి జరుగుతుంది. అప్పుడు రోటవేటరు తిప్పే పీటీవో షాఫ్టు గొట్టాల జోడింపు తగ్గుతుంది. అది చాలినంత ఉందో లేదో చూడాలి. చట్రం బరువు కూడా ట్రాక్టరు ఎత్తగల బరువులోంచే పోతుంది. ముందు చక్రాలు తేలిపోతుంటే ముందు బరువులు వేయాలి.

ఏడాదంతా ఒకే పనిముట్టు నడిపే రైతుకు ఈ ఖర్చు దండుగ. కిరాయికి తిరుగుతూ రోజూ రెండు మూడు పనిముట్లు మార్చేవారికి ఉపయోగం. మామూలు పిన్నులే చాలనుకునేవారు ముందు ఎడమ చేయి, తర్వాత ఎత్తు సవరించే కుడి చేయి, చివర టాప్ లింకు తగిలించాలి. విప్పేటప్పుడు ఈ వరుస తిరగేయాలి.

కొక్కెం ఏదైనా తాళం పడిందో లేదో కంటితో చూడనిదే పనిముట్టు లేపరాదు. పిన్ను బదులు బోల్టు పెట్టరాదు. ఇంజను ఆపి తాళంచెవి తీయనిదే ట్రాక్టరుకూ పనిముట్టుకూ మధ్య ఎవరూ నిలబడరాదు.